జిరాఫీ మెడలో ఏడు గళ్లు

అక్క పెళ్లయి జాంబియా వెళ్లిన రెండో ఏటి నుంచి ఆమె ఉత్తరాల్లో జంతువులు ఎక్కువయ్యాయి. మొదట్లో ఇంటికి కిటికీలు ఎన్నో, బావ పాఠాలు చెప్పే బడి ఎంత దూరమో, అక్కడివాళ్లు మొక్కజొన్న పిండిని ఎలా ఉడికిస్తారో రాసేది. తర్వాత అవన్నీ తగ్గిపోయాయి. ఏనుగులు నది దాటడం, నీటిగుర్రాలు ఆవులించడం, జీబ్రాలు దుమ్ము లేపుకుంటూ పరుగెత్తడం మొదలయ్యాయి. నీలం రంగు ఏరోగ్రాం మూడు మడతల నిండా అవే.

ధర్మవరంలో మా ఇంటికి వచ్చే ఉత్తరాలు పోస్ట్‌మాన్ నా చేతికే ఇచ్చేవాడు. అమ్మకు చదువు రాదు. నేను గడప మీద కూర్చుని చదువుతుంటే ఆమె చేటలో కందిపప్పు ఏరుతూ వినేది. ఒకే ఉత్తరం నాలుగైదుసార్లు చదివించుకునేది. మడతల దగ్గర కాగితం చిరిగిపోతోందని నేను ప్రతి ఉత్తరాన్నీ తేదీతో సహా నా డైరీలోకి ఎక్కించుకునేదాన్ని. ఆ పని అక్క మీద ప్రేమతో మొదలుపెట్టానో, డైరీలో రాసుకోవడానికి నాకు వేరే ఏమీ జరగడం లేదనో, ఇప్పుడు చెప్పలేను.

“ఇదేం ఉత్తరమే?” అంది అమ్మ ఒకరోజు. “ఏనుగు ఏం తినిందో రాసింది. తాను ఏం తినిందో రాయలే.”

“బాగుండాను అని రాసింది గదమ్మా.”

“బాగుండేటోళ్లు అంత పెద్దగా రాయరు. దాన్ని సిన్నప్పటి నుంచి సూస్తాండా. ఏమన్నా దాసిపెట్టల్లంటే అది కతలు జెప్తాది.”

నాకు అప్పుడు అమ్మదంతా అనవసరమైన అనుమానం అనిపించింది. కూతురు సుఖంగా ఉంటే కూడా ఓర్చుకోలేదు అని డైరీలో రాసుకున్నాను. ఆ వాక్యం ఇంకా అలాగే ఉంది, కొట్టివేయలేదు.

నాయన పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపడం ఆయన పని. ఒక గడి అంటే ఒక పోగు. ఎర్ర పెన్సిల్‌తో నింపిన గడి దగ్గర జరీ పైకి తేలుతుంది, ఖాళీ గడి దగ్గర కిందికి పోతుంది. ఆ కాగితాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీద తిరిగితే చీర అంచులో ఏనుగు నడుస్తుంది. కాగితం మీద ఒక్క గడి తప్పితే చీర పొడవునా ప్రతి ఏనుగుకీ అదే తప్పు వస్తుంది. అందుకని నాయన మనుషుల మాట కంటే గళ్ల లెక్కను ఎక్కువ నమ్మేవాడు. అక్కకూ నాకూ ఏడేళ్ల వయసు నుంచే పక్కన కూర్చోబెట్టుకుని గళ్లు నింపడం నేర్పాడు. నాది ఎప్పుడూ గీత దాటేది. అక్కది దాటేది కాదు.

ఆయనకు ఇంకొక పట్టింపు ఉండేది. కంటితో చూడని జంతువును అంచు మీదికి ఎక్కించకూడదు. ఏనుగును గీయడం కోసం ఊరికి సర్కస్ వచ్చినప్పుడు వరుసగా నాలుగు రోజులు వెళ్లి, ఏ కాలు ముందు లేస్తుందో చూసి వచ్చాడు. అలాంటి మనిషికి కూతురు ఉత్తరం వెనక ఉత్తరం జిరాఫీలనూ జీబ్రాలనూ వర్ణించి రాస్తోంది. చివర్లో “మీరు తప్పకుండా రావాలి, అందరం కలిసి పార్కుకు పోదాం” అని కూడా రాస్తోంది. ఉత్తరం చివర అలా రాయడం మాలో మర్యాద. పిలిచేవాళ్లు వస్తారనుకోరు, పిలుపు అందుకున్నవాళ్లు వెళ్లరు. నాయన మాత్రం ఆ మాటను పట్టుకున్నాడు.

ముదిగుబ్బ దగ్గర మాకొక మెట్ట చేను ఉండేది. మూడేళ్లుగా వేసిన శనక్కాయ విత్తనం కూడా తిరిగి రాలేదు. గొర్రెల మంద ఉన్న ఒకాయన దాన్ని అడుగుతూ ఉంటే నాయన అమ్మేశాడు. ఆ డబ్బుతో ఇద్దరం వెళ్లాలి, ఆయనా నేనూ. నేను ఎందుకంటే ఇంగ్లీషు కోసం.

ఈ సంగతి తెలిసిన పక్కింటి మగ్గం ఆయన ఒకరోజు పనిగట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఏమప్పా, ఆఫ్రికాకు పోతాండావంట? మన డిజైన్లు ఆడ యాపారం పెడ్తావా ఏమి?”

“మృగాల్ని సూసి గీయల్లని.”

“సూడకుండా గీయగూడదా? హంసను యాడ సూసినావన్నా? పోయిన నెల అంచు నిండా హంసలే గదా!”

“అది దేవుడి పక్షి లేప్పా. దానికి లెక్క లేదు.”

“అట్లయితే దేవుడి జిరాఫీ అని ఒకటి గీసెయ్. ఆఫ్రికా దాకా ఎందుకు?” అని నవ్వాడు గానీ, వెళ్లేటప్పుడు నాయన ముందున్న కాగితాల వైపు ఒక చూపు చూసే వెళ్లాడు. ఆ రోజు నుంచి నాయన కాగితాలు పెట్టెలో పెట్టడం మొదలుపెట్టాడు.

నువ్వు కూడా వస్తావా అని అమ్మను అడిగితే, “నాకెందుకు మృగాలు? ఈడ సూసేటివి సాలవా?” అని నాయన వైపు చూసింది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి అంది: “ఆయప్ప మృగాల్ని సూసుకోనీ. నువ్వు మీ అక్కను సూడు. నవ్వినప్పుడు సూడద్దు, నవ్వనప్పుడు సూడు.”

ప్రయాణం ఏర్పాట్లన్నీ నా మీద పడ్డాయి. నాకు అంతకు ముందు ఏ పనీ అంత ఇష్టంగా అనిపించలేదు. శాఖా గ్రంథాలయానికి వెళ్లి అట్లాసు అడిగాను. అక్కడి పెద్దాయన నన్ను కళ్లద్దాల మీదుగా చూశాడు.

“ఆఫ్రికానా? ఎవురికి పాపా?”

“మా నాయనకు.”

“మీ నాయనకు ఇంగ్లీషు రాదే.”

ఆ గ్రంథాలయంలో నేను చదివిన పుస్తకాలన్నీ ఎవరో ఒకరి పేరు చెప్పి తీసుకున్నవే. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఢిల్లీలో ఉన్న ఆ దేశపు కార్యాలయానికి ఒక జాబు రాశాను. నెలన్నర తర్వాత రంగుల బొమ్మలతో ఒక చిన్న పుస్తకం వచ్చింది. రోజూ సాయంత్రం దాన్ని నాయనకు తెలుగులో చెప్పేదాన్ని. జంతువులను చూడాలంటే తెల్లవారకముందే బయలుదేరాలి. మధ్యాహ్నం అవి నీడల్లో పడుకుంటాయి. బండి దిగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. ముదురు రంగుల బట్టలు వేసుకోకూడదు, మట్టి రంగువి వేసుకోవాలి. ఇక్కడ నాయనకు కోపం వచ్చింది.

“పట్టు ఊరోళ్లం. మట్టి రంగు కట్టుకోని పోవల్లనా?”

“సింహం బెదిరిపోతాదంట నాయనా.”

“మన ఎరుపు జూసి బెదిరిపోయేది సింహమెట్లయితాది?”

చివరి పేజీల్లో నెలల వివరం ఉంది. దాన్ని నేను ముందు ఒంటరిగా చదువుకున్నాను. నవంబరు నుంచి మే దాకా వానలు. నది పొంగి పార్కులో దారులు మునిగిపోతాయి. బసలన్నీ మూసేస్తారు. జూన్ నుంచి అక్టోబరు లోపలే రావాలి. మా దగ్గర వాన రాక చేలు మూతపడితే, అక్కడ వాన వచ్చి అడవి మూతపడుతుందన్నమాట అనుకుని నవ్వుకున్నాను. నవ్వుకుంటూ ఉండగానే ఒక ఉత్తరం గుర్తొచ్చింది. డైరీ తీశాను. “నిన్న పార్కుకు పోయినాము. జీబ్రాలు పరుగెత్తితే ఆ దుమ్ముకు ఎదురుగా ఉండే బండి కనపడలేదు.” దాని మీద తేదీ జనవరి నెలది.

మొదట అక్క తరఫునే ఆలోచించాను. ఆ ఏడు వానలు లేవేమో. అనంతపురం జిల్లాలో పుట్టినదానికి అంతకంటే తేలిగ్గా తోచే కారణం ఇంకొకటి లేదు. పేజీ తిప్పాను. దాని తర్వాతి ఉత్తరం, రెండు వారాలకు రాసినది: “ఉతికిన బట్టలు ఆరడం లేదు. నెల దినాల నుంచి విడవకుండా వాన.”

ఆ సాయంత్రం నాయనకు ఆ పేజీ చెప్పకుండా దాటేశాను. “జూన్‌లో పోతే మంచిదంట” అని మాత్రం అన్నాను. అప్పటి నుంచి అక్క ఉత్తరాలను ప్రేమగా కాదు, పోలీసులా చదవడం మొదలుపెట్టాను. అమ్మ ముందు గట్టిగా చదివేటప్పుడు నా గొంతు మారిందేమోనని భయంగా ఉండేది. అమ్మ పప్పు ఏరడం ఆపి నా వైపు చూసినప్పుడల్లా కనిపెట్టేసిందనుకునేదాన్ని.

నాయన ఈలోగా తన ఏర్పాట్లు తాను చేసుకుంటున్నాడు. గ్రాఫ్ కాగితాలు రెండు మడిచి అక్కకు పంపాడు. జిరాఫీ నిలబడినట్టు ఒకటి, నీళ్లు తాగుతున్నట్టు ఒకటి గీసి పంపమన్నాడు. వచ్చేలోపల చెయ్యి అలవాటు చేసుకుంటానని. ఆ కవరు తిరిగి వచ్చిన రోజు పొద్దున ఆయన వాకిట్లో వెలుతురు బాగున్న చోట కూర్చుని రెండు కాగితాలూ పరుచుకున్నాడు. అక్క గీసినవి ఎప్పటిలాగే ఉన్నాయి. ఒక్క గడి గీత దాటలేదు. ఆయన పెన్సిల్ మొనతో ఏదో లెక్కపెట్టుకున్నాడు, మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి లెక్కపెట్టాడు.

“పాపా, ఇట్లరా. నిలబడినప్పుడు మెడ ఎన్ని గళ్లుండాదో సూడు.”

“ఇరవై.”

“నీళ్లు తాగేటప్పుడు?”

లెక్కపెట్టాను. “ఇరవై ఏడు.”

“దప్పికైతే మెడ పెరుగుతాదా?”

నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

“తప్పు పడిందేమో నాయనా. అలవాటు పోయింటాది.”

“అది తప్పు గీయదు.” ఆయన గొంతు తగ్గించాడు. “కాళ్లు నిట్టనిలువుగా పెట్టుకోనుంటే ఈ ఇరవై గళ్ల మెడ నేలకు అందదు. కాళ్లన్నా మడవల్ల, ఎడంగానన్నా పెట్టల్ల. ఏం చేస్తాదో నాకు తెల్దు, నేను సూడలే. సూసినోళ్లకు తెలిసుండల్ల. ఇది అందల్లని మెడ సాగదీసింది. ఈ బిడ్డ సూడలే పాపా.”

“ఏం మాట్లాడ్తాండారు ఆడ?” అని అమ్మ లోపల్నుంచి అడిగింది.

“ఏం లే. బొమ్మలు బాగుండాయి అంటాండా,” అన్నాడు నాయన.

ఆయన అమ్మతో అబద్ధం చెప్పడం నేను విన్నది అదే మొదటిసారి. కాగితాలు మడిచి పెట్టెలో పెట్టి, నా వైపు తిరిగి, “ఆ రంగుల పుస్తకంలో నువ్వు నాకు చెప్పంది ఏమన్నా ఉండాదా?” అన్నాడు.

“ఏం లేదు” అన్నాను.

ఆయన నమ్మలేదు. నమ్మలేదని నాకు తెలుసని కూడా ఆయనకు తెలుసు. అయినా మరునాడు సాయంత్రం మళ్లీ పుస్తకం తెమ్మన్నాడు. నేను సింహాల గురించి చెప్పాను, ఆయన విన్నాడు. పాస్‌పోర్టు ఫారాలు రెండు నింపి, ఫోటోలు అంటించి పెట్టెలో పెట్టాం. పంపుదామని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

ఆ వారమే ఎవరికీ చెప్పకుండా అక్కకు రాశాను. ఎక్కువ రాయలేదు. “జనవరిలో పార్కు మూసి ఉంటుంది. నువ్వు ఎప్పుడు పోయినావు? మేము నిజంగానే వస్తున్నాము. నాయన చేను ఇచ్చేసినాడు. నాకు ఒక్కదానికన్నా నిజం రాయి.”

జవాబు రావడానికి నెల పైన పట్టింది. అందులో జంతువులు లేవు.

బావకు బడిలో ఒప్పందం అయిపోయి ఏడాది దాటింది. మళ్లీ ఇవ్వలేదు. వాళ్లు ఊరు మారారు. బావ ఒక అంగడిలో సరుకు రాసుకునే పనిలో ఉన్నాడు. ఉండేది ఒకటే గది. అక్క జాకెట్లు కుడుతోంది. పార్కుకు ఒక పగలంతా బస్సులో పోవాలి, అక్కడి నుంచి సొంత బండి ఉండాలి. ఒక్కసారి కూడా పోలేదు. రాసినవన్నీ బావ బడి నుంచి తెచ్చుకున్న పిల్లల పుస్తకంలోవి. “అందులో జిరాఫీ నిలబడే ఉంది. నీళ్లు తాగేది నేను ఊహించి గీసినాను. ఉద్యోగం పోయిందంటే నాయన నలుగురిలో తిరగలేడు. అమ్మ అన్నం మానేస్తుంది. ఏమి రాయాలో తెలియక మృగాలను రాసినాను. మీరు వస్తారనుకోలేదు. ఎట్లన్నా ఆపు. పార్కు మూసేసినారని చెప్పు. బావ మంచివాడే.”

చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఎవరూ అడగని మాట అది.

ఆ ఉత్తరాన్ని తొమ్మిది రోజులు డైరీలో పెట్టుకున్నాను. “ఏమే, ఉత్తరం రాలేదా?” అని అమ్మ రోజూ అడిగేది. “రాలేదమ్మా” అని రోజూ అనేదాన్ని. అక్క మర్యాద కాపాడుతున్నానని డైరీలో రాసుకున్నాను. మొదటి ఐదు రోజులూ అదే మాట తిప్పి తిప్పి రాసుకున్నాను. ఆరో రోజు ఇలా రాశాను: “అక్క చెప్పినట్టు ఆపకుండా జూన్‌లో వెళ్తే, రెండు రోజులు అక్క దగ్గర ఉండి, తర్వాత బస్సులో పార్కుకు వెళ్లి రావచ్చు.” బస్సు ఒక పగలు, పార్కులో రెండు పగళ్లు అని పక్కన లెక్క కూడా వేశాను. మరునాడు దాన్ని చదివితే ఎవరో కొత్తమనిషి రాసినట్టుంది. అంతవరకు అక్కను అనుమానించాను, అమ్మను తప్పుపట్టాను. ఉత్తరం దాచింది ఎవరి కోసమో అప్పుడు అర్థమైంది. బయటపెడితే నాయన ప్రయాణం మానేస్తాడు. ఒక గదిలో జాకెట్లు కుట్టే అక్క నాకు ఆ ప్రయాణం తర్వాతిదైపోయింది. సిగ్గుపడ్డాను. అయినా ఇంకా రెండు రోజులు దాచాను.

తొమ్మిదో రోజు నాయన దగ్గరికి వెళ్లి అక్క నేర్పిన మాటే చెప్పాను.

“నాయనా, ఈ ఏడు పార్కు తెరవరంట.”

“ఎవురు చెప్పినారు?”

“పేపర్లో వచ్చింది.”

“ఏ పేపర్లో?”

ఆయన పెన్సిల్ పక్కన పెట్టాడు.

“పార్కు మూసినారు, సరే. మీ అక్క ఇల్లు గూడా మూసినారా?”

లోపలికి వెళ్లి ఉత్తరం తెచ్చి ఇచ్చాను. ఆయన పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు. చదివి, వెనక తిప్పి, తపాలా ముద్ర చూశాడు.

“ఇది ఎప్పుడొచ్చింది?”

“తొమ్మిది దినాలైంది.”

“తొమ్మిది దినాలు మీ అమ్మకు రాలేదని చెప్పినావు.”

నన్ను తిట్టి ఉంటే బాగుండేదని చాలాకాలం అనుకున్నాను. ఆయన అమ్మను పిలిచాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

“కూసో. పాప చదువుతాది. యాడా నిలపద్దు పాపా, అంతా చదువు.”

చదివాను. బడి పోయిన చోట అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూనే వింది. ఒకే గది అన్నప్పుడూ అంతే. అంతా అయిపోయాక, “కడాకు ఏమని రాసింది? ఇంగొకసారి సదువు,” అంది.

“బావ మంచివాడే.”

“ఎవురడిగినారు దాన్ని?”

నాయన నేల వైపు చూస్తున్నాడు. చెప్పాలంటే మా ముగ్గురికీ కడుపులో ఉన్నది ఒకటే అనుమానం, బావ అక్కను బాగా చూసుకోవడం లేదేమోనని.

“అది మంచి మాటగా రాసిందో, భయంతో రాసిందో, ఈ కాగితంలో తెల్దు,” అంది అమ్మ. “నువ్వు పోతే నీకు తెల్దప్పా, నువ్వు గళ్లు లెక్కబెట్టుకుంటావు. ఇది పోతే దీనికి అక్క ఏం జెప్తే అదే. నేను బోతా.”

“ఇద్దరికే ఉండాయి దుడ్లు,” అన్నాడు నాయన.

ఆమె నా వైపు చూడలేదు. నాయన చూశాడు. పెట్టె తెరిచి నా పేరు మీద నింపిన ఫారం తీసి, చించకుండా, నా చేతికి ఇచ్చాడు. చించింది నేనే. నా ఫోటో జాగ్రత్తగా ఊడదీసుకుని, కొత్త ఫారం మీద అమ్మ పేరు రాశాను. పుట్టిన ఊరు గుమ్మఘట్ట అని రాశాను. పుట్టిన తేదీ అడిగితే అమ్మ నవ్వి, “కరువు ఏడాది అని రాయి,” అంది. అన్నీ కరువు ఏళ్లే కాబట్టి నాయనా నేనూ కలిసి ఒక తేదీ అనుకున్నాం. సంతకం చోట ఆమె బొటనవేలు వేసింది.

రెండు నెలలకు విచారణ కోసం పోలీసాయన వచ్చాడు. సైకిల్ వాకిట్లో ఆగేసరికి వీధి వీధంతా మగ్గాలు ఆపి బయటికి వచ్చింది. పక్కింటి ఆయన అందరికంటే ముందు వచ్చి మా అరుగు మీదే నిలబడ్డాడు. నాయన ఇంట్లో లేడు. అమ్మ గడపలో నిలబడింది. నేను ఆమె వెనక.

“ఆఫ్రికాకు ఏం పని మీద పోతాండావమ్మా?”

అమ్మ ఏం చెబుతుందోనని వెనక నుంచి ఆమె కొంగు పట్టుకున్నాను. కూతురిని చూడడానికి అంటే, ఏమైంది కూతురికి అని వీధి అడుగుతుంది. ఆ ప్రశ్న పడకూడదనే అక్క అన్ని అబద్ధాలు రాసింది.

“మృగాల్ని సూడనీకి సామీ,” అంది అమ్మ.

“ఈ వయసులోనా?”

“వయసులో ఉండంగా ఎవురు సూపిచ్చినారు?”

వీధి నవ్వింది. పోలీసాయన కూడా నవ్వాడు. పక్కింటి ఆయన మాత్రం నవ్వలేదు. “ఏమేం మృగాలక్కా ఆడ?” అన్నాడు.

అమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఏనుగులు ఎట్ల నది దాటుతాయో, పిల్లలను ఏ పక్క పెట్టుకుంటాయో చెప్పింది. నీటిగుర్రం పగలంతా నీళ్లలో ఉండి పొద్దు మునిగాక గడ్డికి పోతుందని చెప్పింది. నాలుగైదుసార్లు చదివించుకున్న ఉత్తరాలన్నీ వరుస తప్పకుండా ఉన్నాయి ఆమె దగ్గర. పోలీసాయన రాసుకోవడం మానేసి విన్నాడు. కాసేపటికి ఆయన చూపు నా మీద పడింది.

“ఈ పాప పోదా?”

“దానికి మృగాలంటే బయం సామీ,” అంది అమ్మ.

వీధిలో అందరూ నా వైపు చూశారు. నేను అవునని తల ఊపాను.